జరీ చార దగ్గర లేచే మనిషి

పొద్దున మగ్గం గుంటలో దిగితే మధ్యాహ్నం అన్నానికి తప్ప లేవని మొండిమనిషి మా పెదనాయన ఆంజనప్ప. ధర్మవరం పట్టునేతలో ఆయనకు పేరు రావడానికీ, కడుపు పాడవడానికీ ఆ మొండితనమే కారణమని నా అనుమానం. నేత మధ్యలో లేచి మళ్లీ కూర్చుంటే దారాల బిగువు మారి బట్టమీద సన్నటి అడ్డగీత పడుతుంది. అలాంటి చీరను పట్టు ఇచ్చి నేయించుకునే సావుకారి రంగయ్య తీసుకోడు. అందుకని పెదనాయన నీళ్లు తాగేవాడు కాదు, కడుపు కదిలినా ఆపుకొనేవాడు.

ఎడమ పొత్తికడుపులో నొప్పి, జ్వరం ఏళ్ల తరబడి వస్తూ పోతూ ఉండేవి. అన్నం చూస్తేనే భయపడేవాడు. చివరికి 1963లో బెంగళూరులో ఆపరేషన్ చేశారు. పెద్దపేగుకు తిత్తుల్లాంటి ఉబ్బులు లేచి చీము పట్టాయట. ఆ ముక్క కోసేసి మిగతాది కలిపి కుట్టారు. నొప్పి పోయింది, సంగటి తృప్తిగా తినసాగాడు. కానీ కడుపు కదిలిందంటే మాత్రం ఆగలేడు, అప్పటికప్పుడు లేవాల్సిందే. నీళ్లు బాగా తాగమనీ, ఆపుకోవద్దనీ డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు.

ఆ తర్వాత నేసిన మొదటి చీర నిండా అడ్డగీతలే. రంగయ్య దాన్ని తిరిగిచ్చేశాడు.

"నువ్వు బతికినావు, అదే చాలప్పా. నేత ఇంగ వేరేవాళ్లకు వదిలేయి."

మంచికే అన్నాడు. నాకైతే ఒళ్లు మండింది.

"పానం ఉండాది కదా, యాదన్నా అంగట్లో కూర్చుందువులే" అని పెద్దమ్మ హనుమక్క సముదాయించింది.

"పానం ఉండేది దేనికే? గుంటలో కూర్చునేకే కదా" అన్నాడు పెదనాయన.

మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి ఒంటినిండా అడ్డంగా, దగ్గర దగ్గరగా జరీ చారలు వచ్చే చీర. ప్రతి చారకు ముందు, అవసరం ఉన్నా లేకున్నా లేచేవాడు. బిగువు సడలించి, వాకిట్లో తిరిగి, నీళ్లు తాగి వచ్చేవాడు. గీత పడే చోట జరీ కూర్చునేది. పోనుపోను కడుపూ ఆ పద్ధతికి అలవాటు పడింది. పేగును మగ్గానికి మచ్చిక చేసిన మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

రంగయ్య ఆ చీరను ఎండలో విప్పి, అటూ ఇటూ తిప్పి వెతికాడు.

"ఏమప్పా, యాడా లేయకుండా నేసినట్టుండాదే!"

పెదనాయన చొక్కా పైకెత్తి, పొట్టమీది పొడుగాటి మచ్చ చూపించాడు.

"డాక్టరు కుట్టు ఈడ కనపడతాది సూడు. నాది పొద్దు మునిగేదాకా వెతికినా దొరకదు."

రంగయ్య చీర జాగ్రత్తగా మడిచి చంకలో పెట్టుకుని, "రేపు ఇంకో చీరకు పట్టు పంపిస్తా, ఎక్కించుకో" అన్నాడు.

గడపలో నిలబడిన పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.