ఉత్తరను ఎత్తుకున్న గంప

మా పాప ఉత్తర నక్షత్రంలో పుట్టింది. ఆ నక్షత్రానికి అయ్యవారు ఇచ్చిన అక్షరాలు టే, టో, పా, పీ. వాటితో పేర్లేముంటాయి, నా తలకాయ. కడప ఆస్పత్రి మంచం మీద కూర్చుని మా ఆయనా నేనూ ఎంత కలిపినా 'టోపీ' తప్ప ఏమీ రాలేదు. కుట్లు లాగుతున్నా కడుపు పట్టుకుని నవ్వాను. నర్సు వచ్చి కసిరింది.

"అక్షరాలెందుకు, నక్షత్రాన్నే పెడదాం" అన్నాను. మా వీధిలో రోహిణులు ముగ్గురు, స్వాతులు నలుగురు, రేవతులకు లెక్కే లేదు. ఉత్తర మాత్రం ఒక్కతీ లేదు. మా ఆయన ఫోన్లో వెతికి, అది ఆకాశంలో సింహం తోక దగ్గరుండే చుక్క అన్నాడు. సరిగ్గా అప్పుడే ఎవరో తోక తొక్కినట్టు పాప కెవ్వుమంది. ఇంకేం, పేరు ఖాయం. వేంపల్లె నుంచి వచ్చిన మా అత్త కూడా "శానా బాగుండాది" అనేసింది. ఆ సంబరంలో కుట్ల నొప్పి కూడా మరిచిపోయాను.

ఆలూరు దగ్గర పల్లెలో ఉండే మా అవ్వకు ఫోన్ చేశాను. అమ్మను కన్న అవ్వ. మా ఇళ్లలో పెద్దామె బిడ్డ చెవిలో మూడుసార్లు చెప్తేనే పేరు పెట్టినట్టు.

"ఆ పేరు నా నోట రాదు మే" అంది అవ్వ. "ఉత్తర చూసి ఎత్తర గంప అన్యారు. ఆ కార్తెలో వాన పడకపోతే గంప నెత్తికెత్తుకొని సుగ్గికి పోతాంటిమి. ఎన్నేండ్లు పోయినానో. ఆ పేరు బిడ్డకు పెడతావా?"

వానల్లేని ఏడాది ఊరు విడిచి కూలికి పోవడమే సుగ్గి. చదువుకున్న మొద్దును, నాకు చుక్క కనబడింది గానీ కార్తె గుర్తుకు రాలేదు. సిగ్గేసింది. అయినా పేరు వదలబుద్ధి కాలేదు. అవ్వ నోటితోనే అనిపించుకోవాలి, లేకపోతే ఆ పేరు నాకూ వద్దు. రోజూ ఫోన్ చేసి బతిమాలాను. "చూద్దాంలే" అని పెట్టేసేది.

ఇరవై ఒకటో రోజు అవ్వ బస్సు దిగింది. చంకలో పాత వెదురు గంప. ఊయలకు పూలు కడుతున్న మా అత్త ఆ గంపను చూసి బిక్కమొహం వేసింది. అవ్వ గంపలో తన పాత చీర మెత్తగా పరిచి, పాపను పడుకోబెట్టింది.

"మీ అమ్మ ఆర్నెల్ల బిడ్డప్పుడు దీంట్లోనే సుగ్గికి వచ్చె. ఏడ్చి ఏడ్చి గొంతు పోయె" అంది నాతో. "ఊ, పట్టండి."

మా ఆయన ఒక పక్క, నేనొక పక్క పట్టగా గంపను నడుముకు ఆనించుకుని ఇంటి చుట్టూ నడక మొదలెట్టింది. వెనకాలే మేమంతా, చేతిలో పూలదండతో మా అత్త కూడా. చుట్టు పూర్తయిన ప్రతిసారీ అవ్వ తల వంచి పాప చెవిలో "ఉత్తరా" అంది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

మూడో చుట్టు కాగానే లోపలికొచ్చి, ఊయల పక్కన గంప దించి, ఊపిరి పీల్చుకుంది.

"ఉత్తరను చూసి గంప ఎత్తితి, ఇంటికే తెస్తి" అంది. "ఇంగ ఈ గంప ఈడనే ఉండనీ. దీంట్లో పాప బట్టలేసుకో."