హంతకుడి పేరు చెప్పేశాను

ఆ రోజు తప్పు పూర్తిగా నాదే. కంటి ఆపరేషనయిన మా అత్తగారిని కొన్నాళ్లు చదవొద్దన్నారు. చదివి వినిపిద్దామని రామచంద్రపురం వెళ్లి భక్తి పుస్తకం తీశాను.

“అది నాకు నోటికొచ్చండీ అల్లుడుగారూ. దిండు కింద డిటెక్టివ్ నవల సగంలో ఆగింది, అది చదవండి” అన్నారు.

నాకేమో క్రికెట్ మ్యాచ్ తొందర. చివరి పేజీ చూసి, “చంపింది డాక్టరేనండి” అని పుస్తకం మూసేశాను.

ఆవిడ పుస్తకం నా చేతిలోంచి తీసుకుని మళ్లీ దిండు కింద పెట్టేసుకున్నారు.

“ఆపరేషన్ బల్ల మీద కూడా వాడెవడా అనే ఆలోచించానండీ. నేనే పట్టుకుందామనుకున్నాను” అన్నారు. నాకిక మ్యాచ్ చూడబుద్ధి కాలేదు.

మర్నాడు రాజమండ్రిలో కొత్త డిటెక్టివ్ నవల కొని, నేను కూడా చూడకుండా షాపువాడితోనే చివరి పేజీలకు పిన్నులు కొట్టించాను. రోజూ కూర్చుని చదివాను. పిన్నులు తీయకముందే ఆవిడ హంతకుణ్ణి పట్టేశారు. నేనేమో నవలలో ఏ పాపం ఎరగని వంటవాణ్ణి అనుమానించాను.

“మీరు పోలీసు ఉద్యోగంలో చేరకపోవడమే మంచిదయింది” అని ఆవిడ నవ్వాక నా మనసు తేలికపడింది.