నిద్రపుచ్చే చక్రపాణి

అమీర్‌పేటలో డేటాబేస్ పాఠాలు చెప్పే చక్రపాణి గారికి ఇరవై రెండేళ్ళుగా నోరే జీవనాధారం. పొద్దున ఏడింటికి ఒక బ్యాచ్, తొమ్మిదింటికి ఒకటి, మళ్ళీ సాయంత్రం ఆరింటికి ఇంకొకటి. చొక్కాకి చిన్న మైకు తగిలించుకుని, నిన్న చెప్పిందే ఇవాళ, ఇవాళ చెప్పిందే రేపు. మధ్యాహ్నం ఇంటికి చేరేసరికి ‘భోంచేశారా’ అని ఎవరైనా అడిగినా జవాబు చెప్పే ఓపిక ఉండేది కాదు. మాటలంటేనే విసుగెత్తిన మనిషి మాటల్లేని సంగీతంలో పడ్డారంటే తప్పు పట్టడానికి లేదు.

పాత కీబోర్డు ఒకటి కొన్నారు. దాన్నొక వైరుతో ఫోనుకి కలిపి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రోజూ మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు దాకా లైవ్‌లో వాయిస్తారు. పాట కాదు, తాళమూ లేదు. ఒక స్వరం మీద వేలు ఆనించి, అది కరిగిపోయే లోపల పక్కదాన్ని తట్టి, అప్పటికి ఏది తోస్తే అది. దీన్ని యాంబియెంట్ అంటారని వినేవాళ్ళే ఆయనకి చెప్పారు. వినేవాళ్ళు ఓ నలభై మంది. రాత్రి డ్యూటీలు చేసొచ్చి హాస్టళ్ళలో పగలు పడుకునేవాళ్ళే ఎక్కువ. ‘సార్, పది నిమిషాలకే నిద్రపోతున్నా’ అని రాసి దండం బొమ్మ పెడతారు. క్లాసులో జనాన్ని నిద్రపుచ్చడం ఆయనకి కొత్తేమీ కాదు గానీ, అందుకు దండాలు అందుకోవడం మాత్రం కొత్త. ఆ ఒక్క గంట కోసం మిగతా రోజంతా ఎలాగో లాక్కొస్తున్నారు. అదీ పోతే తనకింకేం మిగలదని ఆయన భయం.

అందుకని ఆ గంటలో ఇంట్లో చీమ చిటుక్కుమనకూడదు. ‘మూడు నుంచి నాలుగు దాకా చప్పుడు చెయ్యకు వసూ, అక్కడ జనం పడుకుని ఉంటారు’ అని భార్య వసుమతికి మొదటిరోజే చెప్పేశారు. ఆవిడ సరేనంది. ఇది జరిగి రెండేళ్ళు.

మొన్న గురువారం చేతులు వాటంతటవే నడిచాయి. ఇంత బాగా ఎప్పుడూ వాయించలేదనిపించింది. నాలుగింటికి ముగించి, పొగడ్తల కోసం ఆశగా ఫోను చూసుకున్నారు. మధురానగర్ హాస్టల్లో ఉండే మానస, అందరికంటే ముందు నిద్రపోయే పిల్ల, ఇలా రాసింది: ‘సార్, ఇయ్యాల మ్యూజిక్ రానేలే. మీ ఇంట్ల మాటలు వచ్చినయ్. నాకు నిద్ర పట్టలే. ఆంటీని సుత జర పడుకోమనుండ్రి.’

చూస్తే వైరు ఫోనులోంచి ఊడి వేలాడుతోంది. వంటగది గుమ్మం పక్కన అలమరలో పెట్టిన ఫోను, తన సొంత మైకుతో గంటసేపు ఇంటిని వినిపించింది. చక్రపాణి గారికి తల కొట్టేసినట్టయింది. నలుగురూ ఏం విన్నారో తెలుసుకోవాలని రికార్డింగు పెట్టారు.

మొదట కీల మీద వేళ్ళ టకటక తప్ప ఏమీ లేదు. తర్వాత గిన్నె అంచున సన్నగా జారే నీళ్ళు. కంచాలు ఒక్కొక్కటే గుడ్డ మీద పెడుతున్న అలికిడి. వంగి లేచినప్పుడల్లా పెదవి దాటకుండా నొక్కేసిన ‘అబ్బా’. ఆ తర్వాత, పంజాగుట్టలో ఉండే చెల్లెలు హైమవతితో ఫోనులో గుసగుస.

“లేదే హైమా, పడుకోలేదు. ఎలా పడుకుంటాను? నాకు గురక కదా. అక్కడ నలభై మంది పడుకుని ఉంటారట, నా గురకకి లేస్తే ఆయన పరువేం కాను? నాలుగున్నరకే లేస్తానా, ఈ వేళకి కళ్ళు కూరుకుపోతాయి. కూర్చుంటే కునుకొస్తుందని నిలబడే ఉంటాను.”

వైరు సరిగ్గా ఉంటే ఫోనులోకి వెళ్ళేది కీబోర్డు శబ్దం ఒక్కటే. గురక కాదు గదా, ఇంట్లో మిక్సీ వేసినా ఎవరికీ వినపడదు. ఆ సంగతి చక్రపాణి గారికి మొదటినుంచీ తెలుసు. నిశ్శబ్దం కావలసింది ఆయనకి. తనకోసం అడగడానికి మొహమాటపడి ఊళ్ళో జనం పేరు చెప్పారు. పెద్దమనిషి తెలివి అలా ఏడిసింది. సిగ్గుతో ఆ సాయంత్రం క్లాసులో రెండుసార్లు మాట తడబడ్డారు.

మర్నాడు మూడవుతుండగా వంటగదిలోకి వెళ్ళారు.

“వసూ, నువ్వెళ్ళి పడుకో.”

“మీవాళ్ళు లేస్తారండీ.”

“లేవరు. వైరు పెడితే మన చప్పుడు వాళ్ళకి పోదు.”

“ఓహో, ఇప్పుడు బాగు చేయించారా?”

అవునంటే సరిపోయేది. ఆవిడ నమ్మేది కూడా.

“కాదు. మొదటినుంచీ అంతే.”

వసుమతి చేతిలో తుడుపుగుడ్డతో ఇటు తిరిగింది. “రెండేళ్ళ నుంచా?”

“రెండేళ్ళ నుంచీ.”

తిట్టినా బాగుండేది. తిట్టే ఓపిక ఆవిడకి లేదు. గుడ్డ గట్టు మీద పడేసి, గదిలోకి పోయి మంచం మీద వాలింది. ఆయన గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. అవతల నలభై మంది ఎదురుచూస్తున్నారు.

“ఫ్యాను పెంచనా? కోపమొచ్చిందా?”

“వాయించుకోండి, నాకేం కోపం లేదు. ఆ తలుపు మాత్రం వేసి వెళ్ళండి. మీ సంగీతం ఎలా ఉంటుందో నేనెప్పుడూ వినలేదు గానీ, ఆ కీల టకటక రెండేళ్ళుగా బుర్రలో కొట్టుకుంటూనే ఉంది” అని వసుమతి గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకుంది.