వెండిరంగు రీలులో గరగర

ఆయన చెవుడు వల్లనే చనిపోయాడని రాయచూరు బజారులో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెవులు వినిపించని మనిషికి ఏటి ఒడ్డున ఏం పని, వెనక నుంచి ఎంత అరిచినా తెలియదు కదా అంటారు. పదహారేళ్లుగా ఆ మాట నా ముందే అంటుంటే నేను తల ఊపుతూ వచ్చాను. అది నిజం కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది బేరింగుల దుకాణం. రైసు మిల్లులవాళ్లు, జిన్నింగు మిల్లులవాళ్లు పాత బేరింగు తెచ్చి ముందు పెడితే, వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకుని ఇంకెన్నాళ్లు వస్తుందో చెప్పేవాణ్ణి. ఆ విద్య మా నాన్న నుంచి వచ్చింది. నేను చెబుతున్న ఆయనేమో కృష్ణ ఒడ్డున ఉన్న థర్మల్ విద్యుత్ కేంద్రంలో టర్బైను ఫిట్టరు. యరగేర మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి. విడిభాగాల కోసం దుకాణానికి వస్తూ పోతూ స్నేహమైంది. మెషిన్ నడుస్తుండగా పొడవాటి స్క్రూడ్రైవరు మొనను బేరింగు గూటి మీద ఆనించి, చెక్క పిడిని చెవికి పెట్టుకుని, లోపల ఏది అరిగిందో చెప్పేవాడు. ఇరవై ఏళ్లు ఆ హోరులో నిలబడ్డాక చెవులు పోయాయి. ఎడమది పూర్తిగా, కుడిది ముప్పావు వంతు. టర్బైను హాలు నుంచి తీసి టూల్ రూములో వేశారు. పనివాళ్లకు పానాలు, సుత్తులు ఇచ్చి, సాయంత్రం తిరిగి తీసుకునే పని. అప్పటి నుంచి ఆదివారాలు చేపలకు పోదాం రమ్మనేవాడు.

మా ఇంట్లో చేప వండరు, ముట్టరు. నేను గాలం పట్టుకునే సంగతి మా అమ్మకు చనిపోయేదాకా తెలియదు. పట్టినవన్నీ ఆయన ఇంటికే పోయేవి.

ఆయన పోయిన ఏడాది టర్బైను మరమ్మతుకు ఒక విదేశీ ఇంజనీరు వచ్చి నాలుగు నెలలు ఉన్నాడు. థర్మల్ నుంచి వేడి నీళ్లు ఏట్లోకి వచ్చే కాలువ దగ్గర చేపలు బాగా పడతాయని అన్న అతన్ని తీసుకొచ్చాడు. దారానికి కట్టిన తేలే బెండును పారే నీటిలో వదిలి, దారం దానంతట అదే సాగుతుంటే చూస్తూ ఉండడం అతనే నేర్పాడు. అతని దగ్గర గాలం దారం చుట్టే సెంటర్‌పిన్ రీళ్లు రెండు ఉండేవి. వాటికి పళ్లచక్రాలు లేవు, బ్రేకు లేదు. ఒక సూది మీద ఒక చక్రం, అంతే. చేప లాగితే చక్రం తిరుగుతుంది, బొటనవేలు అంచు మీద పెట్టి ఆపుకోవాలి. నల్లదానిలో సన్నటి బాల్ బేరింగులున్నాయి. ఒక్క తట్టు తడితే నిమిషం పైగా తిరిగేది. వెండిరంగు దానిలో బేరింగు లేదు. బుష్షు అనే చిన్న ఇత్తడి గొట్టం, అందులో ఉక్కు సూది, రెంటికీ మధ్య వెంట్రుక దూరనంత సందు. చేత్తో లేతు మీద తీసిన పని. అన్న దాన్ని చూసినప్పుడల్లా తిప్పడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయేవాడు.

ఆ ఇంజనీరు వెళ్లిపోయే రోజు అన్న డ్యూటీలో ఉన్నాడు. స్టేషనుకు పోతూ దుకాణం ముందు కారు ఆపి, రెండు రీళ్లూ నా చేతిలో పెట్టాడు. మీ ఇద్దరికీ చెరొకటి, ఎవరికేది కావాలో మీరే తేల్చుకోండి అన్నాడు.

ఆదివారానికి ఇంకా మూడు రోజులున్నాయి. నేను ఆగలేకపోయాను. మరునాడు మధ్యాహ్నం దుకాణం గుమాస్తాకు అప్పగించి, రెండూ సంచిలో వేసుకుని ఒక్కణ్ణే కాలువ దగ్గరికి పోయాను. వెండిరంగుది కర్రకు బిగిస్తుండగా జారి, థర్మల్ నుంచి వచ్చి ఒడ్డున పేరుకున్న తడి బొగ్గు బూడిదలో పడింది. తీసి రెండుసార్లు తిప్పి చూశాను. తిప్పకుండా ఉండాల్సింది. బేరింగులు అమ్మేవాణ్ణి, నాకు ఆ మాత్రం తెలియాలి. దుకాణానికి వచ్చి విప్పి, కిరసనాయిలుతో కడిగాను. బుష్షు లోపల గోటికి తగిలే గీత పడి ఉంది. బూడిద రవ్వలు మెత్తటి ఇత్తడిలోకి దిగిపోయాయి. ఎంత కడిగినా రావు. కొత్త బుష్షు వేస్తే సరిపోతుంది. అది గంట పని, చేయడానికి అన్న కంటే గొప్పవాడు లేడు. చెప్తే చాలు. కానీ చెప్పాలంటే ఆయన లేకుండా పోయానని చెప్పాలి. ఇంకొకటి కూడా ఉంది. వెండిరంగుది పాడైందంటే ఆయన నల్లది తీసుకుంటాడు. నల్లది నాకు కావాలి. గ్రీజు దట్టంగా పెట్టి మూసేశాను.

ఆదివారం అన్న క్వార్టరు వరండాలో కూర్చున్నాం. వదిన పక్కనే చాటలో బియ్యం ఏరుతోంది. అన్న నల్లదాన్ని తిప్పి పక్కన పెట్టాడు. వెండిదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. మళ్లీ నల్లదాన్ని తీసుకున్నాడు. అటూ ఇటూ చాలాసేపు పట్టింది. చివరికి లోపలికి పోయి తన పాత స్క్రూడ్రైవరు తెచ్చి నా చేతికిచ్చాడు.

"నా చెవులు ఖరాబైనయి. నీది బేరింగుల చెవి తమ్మీ. జర ఇని చెప్పు."

ఆయన వెండిదాన్ని తిప్పాడు. నేను మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. గ్రీజు చాలావరకు కప్పేసింది కానీ అడుగున గరగర ఉంది. అన్నంలో ఇసుక నమిలినట్టు. స్పష్టంగా విన్నాను.

ఆయన కుడి చెవి దగ్గరికి వంగి, "సాఫ్‌గ ఉందన్నా" అన్నాను.

ఆయన కాసేపు నా ముఖం వైపు చూశాడు. తర్వాత బొటనవేలు అంచుకు ఆనించి, ఇంకోసారి మెల్లగా తిప్పాడు.

"గట్లయితే గిది నాకు. నల్లది నువ్వు పెట్టుకో. గిరాకీ లేనప్పుడు దుకాణంల కూసోని తిప్పుకుంట ఉండు" అని నవ్వాడు.

ఆ తర్వాత అయిదారు ఆదివారాలు పోయాం. చిన్న చేపలు పడ్డాయి, రీలు నడిచింది. నా భయం తగ్గిపోయింది. నిజానికి మరిచిపోవడం కూడా మొదలుపెట్టాను.

ఆ రోజు పట్టపగలు. నేను కాలువకు దిగువన నల్ల రీలుతో ఉన్నాను. ఆయన నాకు యాభై అడుగులు పైన. ఆయన బెండు ఒక్కసారిగా మునిగింది. పెద్ద బొచ్చె చేప. కర్ర వంగిన తీరు చూస్తేనే తెలిసింది. దారం జోరుగా సాగింది, ఆ వెంటనే ఆగిపోయింది. వేడెక్కిన బుష్షు సూదిని పట్టేసింది. రీలు దారం వదలకపోతే చేపతో పాటు మనిషి నడవాలి, లేదా దారం తెంచుకోవాలి. ఆయన నడిచాడు. మోకాళ్ల దాకా, తర్వాత నడుము దాకా. అడుగున సబ్బులా బూడిద మడ్డి ఉంటుందని ఆయనకు తెలుసు. ఒక చేత్తో కర్ర పట్టుకుని, ఇంకో చేత్తో చక్రాన్ని తిప్పాలని చూస్తూనే ఉన్నాడు. కర్ర ఇడిసిపెట్టన్నా అని అరుస్తూ పరిగెత్తాను. అంతలో ఆయన కాలు జారింది. ఒక్కసారి తల పైకి కనిపించింది. నాకు ఈత రాదు. గంటన్నర తర్వాత దిగువ గ్రామం పుట్టి పడవలవాళ్లు ఆయన్ను బయటికి తీశారు. దారం మణికట్టుకు చుట్టుకుని ఉంది. కర్ర, రీలు కూడా దాంతోనే వచ్చాయి.

ఒడ్డున చేరినవాళ్లతో నేనే మొదట అన్నాను, అరిచాను, ఆయనకు వినిపించలేదు అని. అది అబద్ధం కాదు. అక్కడి నుంచే ఆ మాట బజారుకు పోయింది.

పోయిన నెల వదినను చూడటానికి యరగేర వెళ్లాను. నల్ల రీలు వెంట తీసుకుపోయాను. ఈ పదహారేళ్లలో దానికి దారం చుట్టలేదు. మొత్తం చెప్పాను, బూడిదలో పడటం, గ్రీజు పెట్టడం, గరగర విని కూడా లేదనడం. ఆమె ఏడవలేదు. లేచి పెట్టె తెరిచి, వెండి రీలును, ఒక అగ్గిపెట్టెను తెచ్చి చాప మీద పెట్టింది. అగ్గిపెట్టెలో దూదిలో చుట్టిన కొత్త ఇత్తడి బుష్షు ఉంది.

"నువ్వు సాఫ్‌గ ఉందన్న పొద్దే చెప్పిండు నాకు. చెవులు పోతే ఏంది, ఏలికి తగుల్తది గద, ఇసుక లెక్క ఉంది లోపల అన్నడు. రెండు దినాలల్ల గిది చేసుకొచ్చిండు. మరి ఎయ్యవేందంటే, తమ్మి నోటితోని చెప్పనీ, ఇద్దరం కూసోని ఏస్తం అన్నడు. ప్రతి ఐతారం జేబుల ఏసుకొని పోతుండె. పాణం పోయిన పొద్దే మరిశిండు."

బుష్షును వెలుతురుకు పట్టి చూశాను. లోపల అద్దంలా ఉంది. నేను నల్ల రీలు ఆమె ముందు పెట్టాను. ఆమె దాన్ని తాకలేదు. అందరికీ చెప్పమంటావా వదినా అని అడిగాను.

"చెప్పు. నువ్వేమన్నా చెప్పుకో. చెవిటోడు గాబట్టి సచ్చిండని మాత్రం ఇంక ఎవ్వర్నీ అననీయకు."