మర్నాటి దాకా నిలిచే బియ్యం

ఎనభైల మొదట్లో విశాఖపట్నం రేవు దగ్గరున్న ధాన్యం గోదాముల్లో, నాణ్యత విభాగంలో, టెక్నికల్ అసిస్టెంటుగా చేరాను. చేతిలో కెమిస్ట్రీ డిగ్రీ ఉంది. బియ్యం గురించి తెలిసింది మాత్రం కడిగి ఎసట్లో పోయడం ఒక్కటే. పాప పుట్టి, దానికి మాటిమాటికీ జ్వరాలు వస్తుండటంతో ఉద్యోగం మానేశాను. అది నిద్రపోయాక, నుదురు రెండుసార్లు తడిమి చూసి ఇది రాస్తున్నాను. గోదాములో ఆడవాళ్ళకి ఏం పనుంటుందని అడిగేవాళ్ళకి ఒక సంగతి చెప్పాలనిపించింది.

బస్తాలు పేర్చిన వరసని నిట్టు అంటాం. పరఖీ అనే కొనదేలిన ఇనప గొట్టంతో నిట్టులో అక్కడక్కడా బస్తాలు గుచ్చి, గుప్పెడేసి గింజలు తీస్తాం. వాటిని పళ్ళెంలో పోసి నూకలు, రాళ్ళు, రంగు మారిన గింజలు విడివిడిగా ఏరి తూస్తాం. తేమ మీటరుతో కొలుస్తాం. కొంత వండి రుచీ వాసనా చూస్తాం. అన్నీ హద్దుల్లో ఉంటే సంతకం పెడతాం. సరుకు వేరే దేశానికి వెళ్ళేదైతే ఆ దేశపు అధికారి కూడా సంతకం పెట్టాలి. అది పడందే ఒక్క బస్తా కూడా ఓడ ఎక్కదు.

ఆపద వచ్చినప్పుడు ఇరుగుపొరుగు దేశాలు తిండిగింజలు బదులిచ్చుకోవాలన్న ఆలోచన అప్పుడప్పుడే బలపడుతోంది. ఒక ఏడు బంగ్లాదేశ్‌లో వరదలొస్తే, మా రేవు నుంచి ఓడెడు బియ్యం పంపమని ఉత్తర్వు వచ్చింది. వాళ్ళ పంట చేతికొచ్చాక తిరిగి ఇస్తారు.

మా డిప్యూటీ మేనేజరు మూర్తిగారు మర్యాదస్తులు. "పొరుగింటికి పెట్టేటప్పుడు మనకున్న వాటిలో మంచివి పెట్టాలమ్మా" అంటూ గోదావరి మిల్లుల పచ్చిబియ్యం ఎంచారు. సన్నగా, తెల్లగా, చూడముచ్చటగా ఉన్నాయి. అన్ని పరీక్షల్లోనూ నెగ్గాయి. వెనక గోదాములో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఉప్పుడు బియ్యం ఉన్నాయి. వడ్లని నానబెట్టి, ఉడకబెట్టి, ఎండబోసి ఆడించిన బియ్యం కదా, కాస్త పసుప్పచ్చగా ఉంటాయి, అదో రకం వాసన. అవి అతిథి కంటబడకుండా మూర్తిగారు ఆ తలుపులు మూయించారు.

ఢాకా నుంచి వచ్చిన అధికారి పేరు రహమాన్. తెల్లబియ్యం దోసిట్లోకి తీసుకుని చాలాసేపు చూశారు. కలం తీశారు, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. "చాలా మంచి బియ్యం. మా శిబిరాలకి పనికిరావు" అన్నారు ఇంగ్లీషులో. మూర్తిగారి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

రహమాన్ గారు నెమ్మదిగా వివరించారు. వరద ప్రాంతాల్లో కట్టెలన్నీ తడిసిపోయాయి. రోజుకి ఒక్కసారే పొయ్యి వెలుగుతుంది. మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, మర్నాడు పొద్దున్న అదే పిల్లలకి పెడతారు. పచ్చిబియ్యపు అన్నం తెల్లారేసరికి చితికి జావైపోతుంది. అంటే ఆ పూట పస్తు. "ఖాళీ ఓడతో వెళ్తే జనం తిడతారు. ఇవి పట్టుకెళ్ళినా తిడతారు" అని ఆయన నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు.

మాది తగరపువలస దగ్గర. చద్దన్నం తినే పెరిగాను. మూసిన తలుపులు గుర్తొచ్చి, వెనక గోదాములోని ఉప్పుడు బియ్యం ఆయనకి చూపిద్దామని మూర్తిగారిని పక్కకి పిలిచి చెప్పాను.

"అతిథికి కూలివాళ్ళ బియ్యం చూపించమంటావా? పరువుండొద్దూ!" అన్నారు.

"ఆయన అడుగుతున్నవి అవేనండీ."

"రూల్లో చద్దన్నం ఎక్కడుందమ్మా?"

వండి చూడటం రూల్లో ఉంది కదా, వండినదాన్ని మర్నాటి దాకా ఉంచి చూద్దాం అన్నాను. పైకి ధీమాగానే అన్నాను. అప్పటికి నా ఉద్యోగం పర్మనెంటు కాలేదు. మూర్తిగారు ఏమనేవారో గానీ, రహమాన్ గారు విషయం ఆరా తీసి, "ఉంచండి, ఉంచండి" అన్నారు.

లేబ్ అటెండరు అప్పలనరసమ్మ రెండు గిన్నెల్లో రెండు రకాలూ వండింది. "ఏటమ్మా, ఆఫీసులో కూడా నాసేత గంజి కాయించేత్తన్నావ్! రేపు పెళ్ళి బోజనాలు కూడా ఒండమంటావేటి?" అని నవ్వింది. రెండింట్లోనూ నీళ్ళు పోసి, మూతలు పెట్టి, గది తాళం వేశాం.

మర్నాడు మూతలు తీశాం. తెల్లబియ్యం గిన్నెలో గరిటె పెడితే అంబలి కలిపినట్టు తిరిగింది. ఉప్పుడు బియ్యం గిన్నెలో ఏ మెతుక్కామెతుకు విడిగా ఉంది. "ఆ తెల్లవి సోకులోడి లాటివి బావూ! ముస్తాబే గానీ నిలవవు" అంది అప్పలనరసమ్మ. అది నేను ఇంగ్లీషులో చెబితే రహమాన్ గారు పగలబడి నవ్వారు. ఉల్లిపాయా పచ్చిమిరపకాయా అడిగి తెప్పించుకుని గిన్నెలో సగం తిన్నారు. ఉప్పు తక్కువైందని వంక కూడా పెట్టారు. మూర్తిగారు మొహమాటంగా ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, రెండో ముద్ద అడక్కుండానే కలుపుకున్నారు.

ఆ ఉప్పుడు బియ్యం అప్పటికే కేరళకి కేటాయించినవి. వ్యాగన్లు ఇంకా దొరకలేదు. మిల్లుల నుంచి వచ్చే కొత్త సరుకు వాళ్ళకి పంపుతామని మూర్తిగారు పై ఆఫీసుకి ట్రంకాల్ చేసి ఒప్పించారు. పరఖీ పట్టుకుని నేను మళ్ళీ మొదలుపెట్టాను. నమూనాలు మూడు సంచుల్లో పోసి సీలు వేశాం: ఒకటి మాకు, ఒకటి వాళ్ళకి, తగాదా వస్తే చూడటానికి మూడోది. ఈసారి రహమాన్ గారి కలం జేబులోకి వెనక్కి పోలేదు. వాన తెరిపి ఇచ్చినప్పుడల్లా బస్తాలు ఎక్కించారు. తెల్లబియ్యం ఊళ్ళో రేషను షాపులకి వెళ్ళాయి, వన్ టౌన్‌లో జనం మెచ్చుకున్నారు కూడా.

గింజకి దానంతట దానికి గ్రేడు లేదని ఆ రెండు గిన్నెలూ నాకు నేర్పాయి. పక్క దేశానికి తిండి పంపేటప్పుడు మనకి ఏది గొప్ప అన్నది తర్వాతి సంగతి. వాళ్ళ పొయ్యి రోజుకి ఎన్నిసార్లు వెలుగుతుందో ముందు కనుక్కోవాలి.