గాజులు తీసి వాయించిన పాట

మా మనవరాలు ఈమధ్య కీబోర్డు నేర్చుకుంటోంది. మొన్న ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని నేను మంచం మీద నడుం వాల్చానో లేదో, ముందుగదిలోంచి ఒక స్వరం, కాసేపాగి ఇంకో స్వరం, లోడెత్తిన బండి మెట్ట ఎక్కుతున్నంత నెమ్మదిగా వినిపించింది. ఎన్నో ఏళ్ళ కిందట విన్న పాటే. లేచి వెళ్ళి, ఈ పాట నీకెవరు నేర్పారు, ఎందుకు నేర్పారు అని పోలీసులా ఆరా తీశాను. పాఠంలో ఉందని అది నవ్వేసి మళ్ళీ వాయించుకుంది గాని, నాకు ఇక కునుకు పట్టలేదు.

నాది మొదటినుంచీ అనుమానపు బుద్ధి. పాలు పోసే అతను నవ్వితే నీళ్ళు కలిపాడనుకుంటాను, నవ్వకపోతే ఇంకాసిని ఎక్కువ కలిపాడనుకుంటాను. నా ఈడువాళ్ళలో చాలామందికి ఈ జబ్బు ఉందని తెలుసు కాబట్టి సిగ్గుపడకుండా చెబుతున్నాను.

సాగర్ డ్యామ్ కడుతున్న రోజుల్లో నేను గురజాల దగ్గర ఒక మిషన్ బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పేదాన్ని. అమ్మ వెల్దుర్తిలో ఉండేది. అన్నయ్య డ్యామ్ పనిలో గుమాస్తాగా ఉంటూ, ఆదివారాలు బస్సెక్కి నన్ను చూడటానికి వచ్చేవాడు. ఆ ఏడాది మా బడికి పాటల టీచరు కొత్తగా వచ్చింది. బందరు వైపు మనిషి, సన్నగా, తక్కువ మాటలతో ఉండేది. తక్కువ మాట్లాడే మనిషి మీద అప్పట్లోనే నా కన్ను ఒకటి ఉండేది.

మా చర్చిలో మామూలు రోజుల్లో పాటలన్నీ కంజీరతో, తాళాలతో హుషారుగా సాగేవి. ఎవరైనా పోతే మాత్రం గంట ఒక్కొక్కటిగా కొట్టి, కాలితో తొక్కే హార్మోనియం మీద ఒక్కో స్వరాన్నీ సాగదీసి వాయించేవాళ్ళు. నెమ్మదిగా హార్మోనియం మోగిందంటే ఊళ్ళో శవం లేచిందనే మాకు లెక్క. ఈ సంగతి తెలియని టీచరమ్మ వచ్చిన వారంలోనే ఒక సాయంత్రం బడి వదిలాక చర్చి కిటికీలు తెరిచి, మొన్న మా మనవరాలు వాయించిన ఈ పాటే మొదలుపెట్టింది. పక్క చేలో వేరుశనక్కాయలు పీకుతున్న ఆడవాళ్ళు చేతుల మట్టయినా దులుపుకోకుండా పరుగెత్తుకొచ్చారు. "ఎవురమ్మా పోయింది?" అని వాళ్ళలో పెద్దామె అడిగితే, ఎవరూ పోలేదని ఆమె బిత్తరపోయి చెప్పింది. "ఎవురూ పోకుండానే ఈ ఏడుపేందమ్మా, చానా బాగుంది!" అని సణుక్కుంటూ వాళ్ళు వెనక్కి పోయారు.

వాళ్ళు పోయారు గాని నా అనుమానం పోలేదు. ఎవరూ పోకపోతే ఈమె ఎవరికోసం వాయిస్తున్నట్టు? కనిపెట్టి చూడసాగాను. హుషారు పాటలు వాయించేటప్పుడు చేతినిండా గాజులతోనే కూర్చునేది, ఈ పాటకు మాత్రం రెండు చేతుల గాజులూ తీసి హార్మోనియం మూత మీద పెట్టి, చివరి స్వరం అయ్యాక మళ్ళీ తొడుక్కునేది. గాజులు తీసిన ఆడమనిషి అంటే మా వైపు దానికి ఒకటే అర్థం.

ఒకరోజు ఊరుకోలేక అడిగేశాను. ఆమె విసుక్కోకుండా చెప్పింది. ఇది పెద్ద సంగీతంలో ఒక ముక్కట, దానికి మూడు భాగాలట, మొదటిదీ చివరిదీ పరుగెత్తే నడకట, మధ్యది మాత్రం ఇలా నెమ్మదిగా నడవాలని కాగితం మీదే రాసి ఉందట. వాళ్ళ ఊళ్ళో దొరసానిగారు ఆ మధ్య భాగమొక్కటే నేర్పి సెలవు పుచ్చుకున్నారట. ఏడుపు పాట అసలే కాదట, మేజర్ స్వరాలేనట, మనవాళ్ళు శంకరాభరణం అంటారే ఆ మెట్లేనట. "మనసు కుదురుగా ఉన్నప్పుడే వాయించబుద్ధేస్తుందండీ. స్వరానికీ స్వరానికీ మధ్య ఖాళీ ఎక్కువ, గాజులు గలగలమంటే పాడైపోతుంది" అంది. అడిగీ అడగకముందే ఇంత వివరంగా జవాబు వచ్చిందంటే అది ముందే తయారుచేసి పెట్టుకున్నదని నేను ఖాయం చేసుకున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే, ఆదివారాలు నాకోసం వచ్చినప్పుడు ఆమెను చూసిన అన్నయ్య, ఆమెను చేసుకుంటానని అమ్మతో అన్నాడట. పిల్ల ఎలాంటిదో నిదానంగా చూసి రాయమని అమ్మ నాకు కబురు పెట్టింది. నేను రాశాను. ఒంటరిగా ఉన్నప్పుడు గాజులు తీసి చావుపాట వాయించుకుంటుందనీ, ఎవరినో పూడ్చిపెట్టి వచ్చి ఆ సంగతి దాస్తోందనీ, మన ఇంటికి వద్దనీ రాశాను. అనుకుంటున్నానని రాయలేదు, తెలిసినట్టే రాశాను. ఆ తర్వాత అన్నయ్య ఆదివారాలు రావడం మానేశాడు. టీచరమ్మ కొన్ని వారాలపాటు బస్సు వేళకు గేటు వైపు చూసి, తర్వాత చూడటం మానుకుంది.

వేసవి సెలవులకు ఆమెను తీసుకుపోవడానికి వాళ్ళ నాన్న వచ్చాడు. పెట్టె మోయిస్తూ, మా ఈ పెద్దపిల్లకు ఇంకా ఒక్క సంబంధమూ చూడలేదమ్మా, మీ వైపు మంచి కుర్రాడెవరైనా ఉంటే చెప్పమని నన్నే అడిగాడు. ఆమె మళ్ళీ మా బడికి రాలేదు. మరుసటేడు అన్నయ్యకు కారంపూడి సంబంధం కుదిరింది. వదిన మంచిది, కాపురం బాగానే గడిచింది, నేను మాత్రం ఈ సంగతి ఎవరికీ చెప్పకుండా ముసలిదాన్నయ్యాను.

మొన్న ఆ పాట విన్న సాయంత్రమే అన్నయ్యకు ఫోన్ చేసి అంతా చెప్పేసి ఏడ్చాను. ఆయన అంతా విన్నాడు. తర్వాత, "ఆ ఉత్తరం అమ్మకి చదివి పెట్టింది నేనేనే" అన్నాడు. అమ్మకు చదువు రాదు. ఉత్తరాలు పక్కింటి బాబాయి చదివేవాడు, ఆ రోజు ఆయన ఊళ్ళో లేకపోతే అమ్మ, డ్యామ్ నుంచి ఇంటికొచ్చి ఉన్న అన్నయ్య చేతికే ఇచ్చిందట. నేను రాసినదంతా ఒక్క ముక్క మింగకుండా తనే అమ్మకు చదివి వినిపించాడట. మరి ఆమెను ఒక్క మాటైనా అడగకపోయావా అన్నాను. "నువ్వు రాశావు గదా. నీ మాట మీద ఇంకొకళ్ళని అడిగేదేంది?" అన్నాడు.

ఈ రోజుల్లో నేనేదైనా చెబితే మా ఇంట్లో పిల్లలు ఫోనులో చూసి, మరో నలుగురిని అడిగి, అప్పుడు గాని తల ఊపరు. అప్పుడప్పుడు మనసు చివుక్కుమంటుంది గాని, అదే మంచిదని ఇప్పుడు తెలుస్తోంది. లోకంలో అందరినీ అనుమానిస్తూ బతికినదాన్ని నేను. నన్ను అనుమానించవలసిన ఆ ఒక్కరోజున, అన్నయ్య అనుమానించలేదు.