కంట్లో నలుసు తీసిన పెద్దమ్మ

మొన్న మంగళవారం మా పెద్దమ్మ పోయింది. ల్యాబులో ఉండగా తమ్ముడు ఫోన్ చేశాడు. "నిద్రల్నే పోయిందట అక్కా. పక్కింటోళ్లు సుత పొద్దెక్కినంకనే సూసిన్రు" అన్నాడు. ఒకప్పుడు ఆమె గడప ముందు మనిషి లేని పూట ఉండేది కాదు.

మా అమ్మకు అక్క ఆమె. కేసముద్రం మార్కెట్ యార్డులో ధాన్యం తూర్పార పట్టేది. అక్కడ ఎవరి కంట్లో ఊక పడ్డా ఆమె దగ్గరికే పరుగు, ఆమె పనిలో లేకపోతే ఇంటికే వచ్చేవాళ్లు. నోరు పుక్కిలించి, వాళ్ల ముఖం రెండు చేతుల్లో పట్టుకొని, రెప్ప పైకెత్తి, నాలుక కొసతో నలుసు తీసేది. "కదలకు కొడుకా, అయిపాయె" అనేది. అప్పటికి మొదలే పెట్టి ఉండేది కాదు. తీశాక ఊరికే పంపేదా? కూర్చోబెట్టి ఇంటి సంగతులన్నీ కూపీ లాగేది.

నేను చదువుకొని కంటి మూలకణాల మీద పరిశోధనలో చేరాను. సెలవులకు వచ్చినప్పుడు గొప్పగా చెప్పాను: నల్లగుడ్డు అంచున మూలకణాలుంటాయి, కంటి పైపొర గీసుకుపోతే కొత్త పొరను అవే పుట్టిస్తాయి. ఎప్పుడు ఊరుకోవాలో, ఎప్పుడు కదలాలో చుట్టుపక్కల కణాలు వాటికి కబురు పంపుతుంటాయి.

"కబురు రాకపోతే ఏమైతది?"

"అవి ఎందుకున్నయో మర్సిపోతయ్ పెద్దమ్మా. కన్ను మసకబారుతది."

అంతటితో ఆగితే బాగుండేది. నాలుక తగిలితే కంట్లో పుండు పడొచ్చు, నీళ్లతో కడుక్కుంటే చాలని ఆమెకూ, హమాలీలకూ చెప్పాను. తప్పు చెప్పలేదు, ఇప్పుడడిగినా అదే చెబుతాను. పెద్దమ్మ వాదించలేదు. "నా నోటితోని ఒకలి కన్ను ఖరాబైతే ఎట్ల బిడ్డా" అని ఆ రోజే మానేసింది.

జనం రావడమూ మానేశారు. నలుసు పడకపోయినా ఆమె దగ్గరికి వెళ్లొచ్చని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. నెలకోసారి ఫోన్ చేస్తే, "ఎవ్వలు రాలే బిడ్డా. అందరి కండ్లు మంచిగనే ఉన్నయ్" అని నవ్వేది. ఆ నవ్వు విని ఫోన్ పెట్టేసి, ఏ కణం ఏ కణానికి కబురు పంపుతోందో చూసుకుంటూ కూర్చునేదాన్ని. తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ఆమెను సాగనంపిన రోజు గాలిదుమారం లేచింది. యార్డు వైపు నుంచి వచ్చిన ఊక అందరి కళ్లలో పడింది. నేను చెప్పినట్టే అందరూ నల్లా దగ్గరికి నడిచి, ఎవరి కళ్లు వాళ్లు కడుక్కున్నారు. నా వంతు వచ్చింది. రెప్ప పైకెత్తి పట్టుకోవడానికి నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి లేదు.